ఏడో నంబరు బిళ్ల

కిష్టవ్వ చెలిమెలో ముంత ముంచేసరికి నీళ్ల మీద ఏడు రంగులు తేలాయి. అప్పటికే ఆమె మనవరాలు రెండు దోసిళ్లు తాగేసింది.

పిల్లకు నాలుగేళ్లు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంది కనుక వాసన తెలియలేదు. కిష్టవ్వకు తెలిసింది. పెట్రోలు. ఆమె పిల్లను ఒళ్లోకి లాక్కునే లోపలే దగ్గు మొదలైంది. దగ్గు ఆగలేదు. పిల్ల కళ్లు తేలేసింది.

1987 ఫిబ్రవరి, సోమవారం ఉదయం. బెల్లంపల్లి బొగ్గుబావులు దాటి అడవిలోకి వెళితే బోడగుట్ట కింద ముప్పై ఇళ్ల గూడెం. పక్కనే వాగు. చలికాలం పోయేసరికి ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ మిగలదు. ఇసుకలో మోకాలి లోతున గుంట తవ్వితే ఊరే నీళ్లే చెలిమె. ముప్పై ఇళ్లకూ తాగేందుకు అవే.

కిష్టవ్వ అరుపు విన్నప్పుడు రాజలింగు ఫర్లాంగు దూరంలో ఉన్నాడు. బాట మీద చక్రాలు పడి లేచిన గుంతల్లో మొరం పోసి దిమ్మిసతో కొడుతున్నాడు. బొగ్గుబావిలో ఫిట్టరు పని. బుధవారం అటవీశాఖ రేంజర్ తనిఖీకి వస్తున్నాడని మూడు రోజులు సెలవు పెట్టాడు. దిమ్మిస పారేసి రాజ్‌దూత్ మోటారు సైకిలెక్కి వచ్చాడు.

"అవ్వా, పిల్లను వట్టుకోని ఎక్కు. దవాఖానకు పోదాం."

కిష్టవ్వ బండిని చూసింది. "నీ బండి ఎక్కాల్నా? గీ బండ్లేనాయె మా నీళ్లల్ల ఇసం గలిపింది!"

"తిట్టు అవ్వా, తొవ్వ పొడుగునా తిట్టు. ముందుగాల ఎక్కు."

ఆమె ఎక్కింది. తొవ్వ పొడుగునా తిట్టింది కూడా.

దవాఖానలో డాక్టరు పిల్ల వీపుకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. "ఊపిరితిత్తుల్లోకి కొంత పోయినట్టుంది. రెండు రోజులు గడిస్తే గాని చెప్పలేను," అన్నాడు.

రాజలింగు మెట్ల మీద కూర్చున్నాడు. భయం వేసింది. పిల్ల కోసం కొంత. మిగతాది బాట కోసం. ఆ సంగతి తనకే సిగ్గనిపించింది.

ఆ బాట ఏమిటో చెప్పాలి. ఒకప్పుడు వెదురు బండ్లు నడిచిన తొవ్వ. రాళ్లు, ఇసుక, నిటారుగా ఎక్కే గుట్ట. వారంలో ఆరు రోజులు భూమి కింద పనిచేసే పదిమంది ఏడో రోజు మోటారు సైకిళ్ల మీద ఆ గుట్ట ఎక్కి దిగేవాళ్లు. ఎక్కినందుకు ఎవరూ బహుమానం ఇవ్వరు. నడుములు మాత్రం పట్టేస్తాయి. అయినా ఆదివారం వచ్చేసరికి తెల్లారకముందే లేచి బండ్లు తుడిచేవాళ్లు. నాలుగేళ్ల కింద దాకా రాజలింగుకు ఆదివారం అంటే కల్లు కాంపౌండే. ఈ బాట పోతే మళ్లీ అక్కడికే పోతానని అతనికి తెలుసు. అతని భార్యకు ఇంకా బాగా తెలుసు.

మూడేళ్ల కింద ఎక్కడివాళ్లో వచ్చి పందేలు పెట్టుకుని రెండు మేకల్ని తొక్కించారు. ఎవరో బీడీ విసిరితే గడ్డి తగలబడింది. అటవీశాఖ గేటు పెట్టి తాళం వేసింది. అప్పుడు ఆ పదిమందినీ సంఘంగా కూర్చి, అధ్యక్షుడిగా ముందుకు వచ్చినవాడు మధుసూదన్‌రావు. గనుల్లో ప్రమాదం జరిగితే లోపలికి దిగి మనుషుల్ని బయటికి తెచ్చే రెస్క్యూ దళానికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అరవై దాటినా బుల్లెట్ దిగలేదు. కల్లు కాంపౌండ్ ముందు బండి ఆపి రాజలింగును పేరు పెట్టి పిలిచి వెనక ఎక్కించుకుంది ఆయనే.

"బాట మా హక్కని కొట్లాడితే గేటు తియ్యరు," అన్నాడు రావు మొదటి రోజే. "మనతోని ఎవరికీ నష్టం లేదని సూపెడితే తీస్తరు."

ముందు గూడెం వెళ్లి కూర్చున్నారు. వాగు ఎక్కడ దాటాలో కిష్టవ్వే చూపించింది. చెలిమెకు రెండు ఫర్లాంగుల కింద, రాళ్ల రేవు దగ్గర. ఇంజను ఆపి బండిని నెట్టుకుంటూ దాటాలి. వానాకాలం నాలుగు నెలలు అడుగు పెట్టకూడదు. నెలకొకసారి బాట బాగుచేయాలి. సాయంత్రం ఐదు లోపల అందరూ బయట ఉండాలి. ఇవన్నీ రావు కాగితం మీద పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని ఆయనా రాజలింగూ మంచిర్యాల ఆఫీసుకు పదిసార్లు తిరిగారు. చివరికి ఏడాది గడువుతో గేటు తెరిచారు. ఆ ఏడాది ఈ బుధవారంతో సరి.

బిళ్లల ఏర్పాటు కూడా రావుదే. బావిలో దిగేవాడి నంబరు బిళ్ల, తలదీపాలు ఇచ్చే దీపాల గది దగ్గర మేకుకు తగిలి ఉంటుంది. షిఫ్టు అయిపోయాక బిళ్ల ఇంకా మేకుకు ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అదే పద్ధతి ఇక్కడ పెట్టాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి అంకెలు కొట్టిన పదకొండు బిళ్లలు. గేటు దగ్గర పలకకు పదకొండు మేకులు. పోయేటప్పుడు తగిలించాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి.

మధ్యాహ్నం రాజలింగు వాగు దగ్గరికి తిరిగి వెళ్లాడు.

చెలిమె చుట్టూ ఉన్న ముళ్లకంచె ఒక పక్క వాలిపోయి ఉంది. ఇసుక మీద చక్రం గుర్తు లేదు. దానికి బదులు సన్నని గీతలు, చీపురుతో వాకిలి ఊడ్చినట్టు. పొదలో వాడిన తంగేడు కొమ్మ దొరికింది. వాసన చూశాడు. పెట్రోలు.

బండి పడిపోవచ్చు, ఎవరిదైనా. కాని ఈ మనిషి లేచి, గుర్తులు ఊడ్చి, కొమ్మను పొదలో దాచి వెళ్లాడు. గూడెం పిలిస్తే పలికేంత దూరంలో ఉంది.

గేటు దగ్గర వాచర్ అంతయ్య పలక కిందే కూర్చుని ఉన్నాడు. పలక మీద ఒకటే బిళ్ల. ఏడు.

"నిన్న పొద్దుమీకినంక ఎన్ని బిళ్లలున్నయి అంతయ్యా?"

"గదొక్కటే లింగన్నా. ఇప్పటిదాంక గట్లనే ఉన్నది."

"ఎవరు ఎప్పుడు పోయిండ్రు, ఎప్పుడు అచ్చిండ్రు?"

అంతయ్య మెడ గోక్కున్నాడు. "నేను... జర అంగడికి పోయిన. నాలుగింటికి పోయి దీపాలు వెట్టే యాళ్లకు అచ్చిన. మా ఇంటామె చింతపండు తెమ్మంటే..."

"చింతపండు కోసం గేటు ఇడిసిపెట్టినవా?"

"మీ బిళ్లలున్నయి కద! మీరే అంటిరి, బిళ్లలుంటే వాచర్ ఎందుకని."

రాజలింగు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆదివారం రావు బండి తియ్యలేదు, ఒళ్లు బాగా లేదని కబురు పంపాడు. మిగిలింది పదిమంది. తొమ్మిది మంది మధ్యాహ్నం మూడింటికే కలిసి బయటికి వచ్చారు, రాజలింగూ వాళ్లలో ఉన్నాడు. రానివాడు ఒక్కడే.

ఏడో నంబరు సారయ్యది. ఇరవై నాలుగేళ్లు. బొగ్గు కొట్టే పని. ఇంజను ఆపి బండి నెట్టాలంటే గొణిగేవాడు ఎవడైనా ఉన్నాడంటే వాడే.

రేంజర్ కైలాసం దవాఖానలో పిల్లను చూసి నేరుగా గేటుకు వచ్చాడు. కోపంగా లేడు. అదే చూసి భయమేసింది రాజలింగుకు.

"ఎల్లుండి గూడెంల కూసుంట. పేరు గావాలె. వాణ్ని సంఘం నుంచి తీసేసినట్టు అందరి సంతకాలతోని కాగితం గావాలె. ఒక్కడి తప్పని రాస్త, బాట ఉంటది. పేరు లేకపోతే అందరి తప్పు. గేటుకు వెల్డింగే."

రాజలింగు సారయ్యను దీపాల గది ముందు పట్టుకున్నాడు. రెండో షిఫ్టు దిగబోతున్నాడు.

"నిన్న బిళ్ల తీస్కోలే నువ్వు."

సారయ్య నాలుక కరుచుకున్నాడు. "మర్శిపోయిన అన్నా! అవతలి దిక్కు దిగిన కద!"

"అవతల ఎందుకు దిగినవ్?"

"గుట్ట మీద, ఇప్పచెట్టు కాడ గొలుసు తెగింది. మర్ల ఇటు నూకుకుంట రావాల్నంటే పానం వోతది. అటు దిగితే రెండు కిలోమీటర్లల్ల తార్‌రోడ్డు. లారీల ఏసుకోని కాగజ్‌నగర్ల మా బావ ఇంటికి పోయిన. పొద్దుగాల కొత్త గొలుసు ఏపిచ్చుకోని అచ్చిన."

"తెగిన గొలుసేది?"

"ఆడనే ఇసిరేసిన. మెడల ఏసుకోని తిరగాల్నా?"

"లారీ నంబరు?"

"నేనేమన్న ఆర్టీవోనానే?"

రాజలింగు నవ్వలేదు. పిల్ల సంగతి చెప్పాడు, ఇసుక ఊడ్చిన సంగతి చెప్పాడు. సారయ్య ముఖంలో నవ్వు పోయింది.

"అన్నా, జోరుగ పోత, నిజం. రాళ్ల మీద ఎగురుత, నిజం. గని నీళ్లల్ల పెట్రోలు పోసి ఊడ్చి వోతనా? ఇంట్ల చీపురు పట్టనోన్ని వాగుల పడతనా?"

"గీ గొలుసు కత ఇంకెవరికన్న జెప్పినవా?"

"ఎవరికి జెప్త? బండి దిగినట్టే ఇటొచ్చిన. నీకే జెప్తున్న. నువ్వేమో నమ్ముత లేవు."

సైరన్ మోగింది. సారయ్య దీపం తీసుకుని వెనక్కి చూడకుండా దిగిపోయాడు. రాజలింగు నిజంగానే నమ్మలేదు. కొత్త గొలుసు ఎవడైనా వేయించుకోవచ్చు. ఆ కథ ఇంకెవరి దగ్గరా ఎత్తలేదు. సాయంత్రం కాగితం రాసి ఇల్లిల్లూ తిరిగాడు. ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. తొమ్మిదోది తనది. పదోది అధ్యక్షుడిది కావాలి.

మంగళవారం ఉదయం ఏడింటికి రావు ఇంటికి వెళ్లాడు. ఆయన పడక కుర్చీలో ఉన్నాడు. మోకాళ్ల మీద దుప్పటి. ఎవరు వచ్చినా లేచి ఎదురు వచ్చే మనిషి ఆ రోజు లేవలేదు.

"పిల్లకెట్లున్నది?"

"జరం దిగలేదు సార్."

రావు కళ్లు మూసుకున్నాడు. తరువాత కాగితం అందుకుని చదివాడు. మళ్లీ చదివాడు. పెన్ను తియ్యలేదు.

"సారయ్య గాదు."

"ఎట్ల జెప్తరు సార్? బిళ్ల వాడిదే ఉండె."

"గొలుసు తెగిన బండి వాగు దాటి ఎట్లస్తది? వాడు గుట్ట అవతలికి దిగి పోయిండు."

ఎంత తేలికైన మాట! రాజలింగు గుండె కొంచెం కుదుటపడింది. "మరెవరు సార్?"

"రేపు సూద్దాం. కాయిదం నా దగ్గర పెట్టి పో."

"నా దగ్గరుండనీ సార్. రేంజర్ నన్నే అడుగుతడు."

బయటికి వచ్చి రాజ్‌దూత్ కిక్ మీద కాలు పెట్టాడు. కాలు అక్కడే ఆగిపోయింది.

గొలుసు.

సారయ్య ఆ మాట తన ఒక్కడికే చెప్పి బావిలో దిగాడు. రాత్రి పదకొండు దాటాక పైకి వచ్చి ఉంటాడు. ఇప్పుడు నిద్రపోతూ ఉంటాడు. తను ఎవరికీ చెప్పలేదు. మరి రావుకు ఎలా తెలిసింది? తెగిన గొలుసు ఇప్పచెట్టు దగ్గర పడి ఉంది. ఇప్పచెట్టు వాగు అవతల. ఆదివారం సారయ్య వెనక ఎవరైనా వాగు దాటి ఉంటే తప్ప అది కంట పడదు.

పక్కన రేకుల కొట్టంలో బుల్లెట్ నిలబడి ఉంది. టాంకీ ఎడమ పక్క కొత్తగా గీసుకుపోయింది. ఫుట్‌రెస్ట్ మడతలో ఇసుక.

రావు భార్య రుక్మాబాయి వాకిట్లోకి వచ్చింది. గొంతు తగ్గించింది. "రాజలింగూ, కాలిన పుండుకు మంచి మలాం ఏదన్న ఉంటే తెచ్చిపెట్టు నాయ్నా. సైలెన్సర్ తాకిందట. పిక్క అంతా బొబ్బలే. దవాఖానకు పొమ్మంటే పోరు."

"తెస్తనమ్మా," అన్నాడు రాజలింగు. మలాం కొన్నాడు. ఎవరో పిల్లాడి చేత కాదు, తనే తీసుకెళ్లి వాకిట్లో రుక్మాబాయి చేతికిచ్చి, లోపలికి తొంగి చూడకుండా వచ్చేశాడు.

ఆ పగలంతా కాగితం జేబులో ఉంది. సారయ్య పేరు ఇస్తే బాట బతుకుతుంది. సారయ్యకు పోయేది ఆదివారాలు మాత్రమే, ఉద్యోగం కాదు. రావు పేరు చెబితే? నియమాలు రాసిన మనిషే వాగు తొక్కి ఊడ్చి దాచాడంటే, మిగతా పదిమంది మాట రేంజర్ ఎందుకు నమ్ముతాడు? రేంజర్ స్థానంలో ఉంటే తను నమ్ముతాడా? పైగా కల్లు కాంపౌండ్ ముందు బండి ఆపిన మనిషిని పదిమందిలో ఎలా నిలబెట్టడం?

బుధవారం తెల్లవారి పిల్లకు జ్వరం దిగింది. గంజి అడిగింది. ఆ కబురు పట్టుకునే రాజలింగు గూడెం చేరాడు.

సంఘం వాళ్లు బండ్లు గేటు దగ్గరే వదిలి నడిచి వచ్చారు. సారయ్య అందరికీ దూరంగా నిలబడ్డాడు. వాడి పక్కకు ఎవరూ పోలేదు. రావు కర్ర సాయంతో వచ్చి ఒక బండ మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు పాత చెలిమె పూడ్చేసి ఎగువన కొత్తది తవ్వుతున్నారు. రేంజర్‌కు ఎవరో నులకమంచం వేశారు.

"కాగితం?" రేంజర్ చెయ్యి చాపాడు.

రాజలింగు తీశాడు. ఇవ్వలేదు. "పేరు తప్పు వడ్డది సార్."

"ఎవరిది రాసినవ్?"

"సారయ్యది. వాడు గాదు."

వెనక ఎనిమిది గొంతులు ఒకేసారి లేచాయి.

"మరెవరు?"

"తెలుసు సార్. నా నోటితోని రాదు."

"గట్లయితే అందరి తప్పని రాసుకుంట," అన్నాడు రేంజర్ కైలాసం, కలం తీస్తూ.

"రాసుకో సారూ," కిష్టవ్వ పార పక్కన పెట్టి వచ్చింది. "గని నాకొక్కటి సమజైతలేదు. బండి పడ్డది, పడనీ. మా ఎడ్లబండ్లు పడయా? ఆ మాపటీలే అచ్చి, అవ్వా, నీళ్లు ముట్టకుండ్రి అంటే ఏం పాయె? ఇగో, ఇంకోటి తోడుకుందుము. నేనేమన్న నరుకుదునా?"

బండ మీద కర్ర చప్పుడైంది. మధుసూదన్‌రావు లేచి నిలబడ్డాడు. పంచె కొంచెం పైకి లాగాడు. పిక్క మీద అరచేయంత కాలిన మచ్చ.

"నేను. ఆదివారం ఒళ్లు నొప్పులతోని ఇంట్లనే ఉన్న. మాపటికి ఉండబుద్ధిగాక గేటు దాంక పోయిన. అంతయ్య లేడు. పలక మీద ఏడో నంబరు ఉన్నది. ముప్పై ఏండ్లు బావుల మనుషులను ఎతికిన. బిళ్ల ఉన్నదంటే మనిషి లోపల ఉన్నడు, నాకు గంతే తెలుసు. మర్శి పోవచ్చు, అవతలికి దిగవచ్చు అని తోచనే లేదు. బావికి అవతలి దిక్కు ఉండది కద. పోరడు జోరుగ పోతడు, ఎక్కడనో బండి కింద ఉన్నడనుకున్న. నా బిళ్ల తగిలిచ్చి లోపలికి పోయిన. రాళ్ల రేవు దాంక పోతే ఆలస్యమైతదని సీదా ఇసుకల దింపిన. ఇంజను బంద్ జెయ్యలే. కంచె కాడ బండి పడ్డది. టాంకీ మూత ఊడింది. కాలు ఎల్లదీసేటాళ్లకు పెట్రోలు సగం పాయె. అయినా పోయిన. ఇప్పచెట్టు కాడ గొలుసు దొరికింది. బండి నూకిన అడుగులు అవతలికి దిగినయి. వాడు బతికిండని ఆడ కూసోని ఏడ్సిన.

"మర్ల వచ్చేటప్పుడు చెలిమె సూసిన. నీళ్ల మీద పెట్రోలు కనవడ్డది. గూడెంల పొయ్యిల పొగ లేస్తున్నది. కిష్టవ్వ ఎవలినో పిలుస్తున్నది, గొంతు ఇనవడ్డది. పోలే. బుధవారం యాదికొచ్చింది. కాయిదం రాసినోడే వాగు తొక్కిండంటే బాట వోతదనుకున్న. తెల్లారేవరకు ఆవిరైతదని నాకు నేనే జెప్పుకున్న. తంగేడు కొమ్మ ఇరిసి ఊడ్చిన. నా బిళ్ల తీస్కోని ఇంటికి పోయి అన్నం తిన్న.

"సోమవారం పిల్ల సంగతి తెలిసింది. గప్పుడూ చెప్పలే. నిన్న సారయ్య పేరు నా చేతిల పెట్టిండ్రు. సంతకం పెట్టలే, గదే పెద్ద మంచి పని చేసిననుకున్న. వాడు రెండు దినాలు మాటలు వడ్డడు. సారయ్యా, నిన్ను ఎతుక్కుంటనే పోయిన బిడ్డా, మళ్ల నిన్నే ముంచిన.

"రేంజర్ సాబ్, వీళ్లు పదిమంది ఏడాది సంది ఒక్క నియమం తప్పలే. తప్పింది నేను. మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండ్రి. కిష్టవ్వా, పెట్రోలు పోయింది తొందరల. నీకు జెప్పకపోయింది తొందరల గాదు. గీ ఇసుకల నిలవడి, నీ గొంతు ఇనుకుంట, ఆలోచించుకోని జెప్పకుంట పోయిన."